మన ఊళ్లోనే లెక్కల ఒలింపియాడ్ నమూనా పరీక్ష పెట్టడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ హైస్కూలుకు వెళ్లినా లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు ముగ్గురో నలుగురో కనిపిస్తారు. సారు చెప్పకముందే అభ్యాసం మొత్తం చేసేసి, "ఇంకేమైనా ఇవ్వండి సార్" అని వెంటపడతారు. ఇచ్చేదేముంది, వచ్చే ఏడాది పుస్తకం తప్ప! వాళ్లకు కావలసింది పై తరగతి పుస్తకం కాదు, ఈ తరగతి లెక్కల్లోనే ఇంకా లోతుకు దిగడం. ఒలింపియాడ్ లెక్కలు ఆ పనే చేస్తాయి.

మీరు లెక్కల టీచరు కావచ్చు, రిటైరైన మాస్టారు కావచ్చు, ఇంజనీరింగ్ చదువుతూ ఆదివారాలు ఖాళీగా ఉన్న అక్కో అన్నో కావచ్చు. రెండు గదులు, ముప్పై నలభై మంది పిల్లలు, లెక్కలు వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే నమూనా పరీక్ష పెట్టేయవచ్చు. ఫస్టు ఎవరు, సెకండు ఎవరు అని తేల్చడానికి మాత్రం పెట్టకండి. దారి తెలియని లెక్క ముందు బెదరకుండా మూడు గంటలు కూర్చోవడం పిల్లలకు అలవాటు కావాలి. కింద చెప్పేవన్నీ దానికోసమే.

ముందుగా అసలు పరీక్షను తెలుసుకోండి

మన దేశంలో లెక్కల ఒలింపియాడ్ మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష. 8 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లలు రాయవచ్చు. 3 గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. 10 ప్రశ్నలకు రెండేసి, 10 ప్రశ్నలకు మూడేసి, మిగిలిన 10 ప్రశ్నలకు అయిదేసి మార్కులు. ఎ, బి, సి, డి అని ఆప్షన్లు ఉండవు. ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు ఒక పూర్ణసంఖ్య. ఓఎంఆర్ షీటు మీద పదుల స్థానానికి ఒక గడి, ఒకట్ల స్థానానికి ఒక గడి దిద్దాలి. తప్పుకు మార్కు కోత లేదు. పరీక్ష సాధారణంగా సెప్టెంబరు మొదట్లో ఒక ఆదివారం ఉంటుంది.

అది దాటితే ప్రాంతీయ స్థాయి పరీక్ష ఆర్‌ఎంఓ. అక్కడ 6 లెక్కలు, 3 గంటలు. జవాబు ఒక్కటే చాలదు, ఎందుకు అవుతుందో మొదటి నుంచి చివరిదాకా రాసి నిరూపించాలి. ఆ తర్వాత జనవరిలో జాతీయ స్థాయి పరీక్ష ఐఎన్‌ఎంఓ, దాని నుంచి శిక్షణ శిబిరం, అక్కడి నుంచి అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు వెళ్లే ఆరుగురి జట్టు. ఆ అంతర్జాతీయ పోటీ 1959లో రుమేనియాలో మొదలైంది. మన దేశం 1989 నుంచి పాల్గొంటోంది, 1996లో ముంబైలో మనమే జరిపాం. అమ్మాయిలకు ఈజీఎంఓ (యూరోపియన్ గర్ల్స్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్) అని మరో పోటీ కూడా ఉంది, దానికి నలుగురి జట్టు వెళుతుంది. ఈ సంగతి బళ్లో ఆడపిల్లలకు తప్పకుండా చెప్పండి. "ఇది మగపిల్లల వ్యవహారం" అనే మాట ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

రుసుము కట్టించుకుని బళ్లోనే పెట్టి, చివర్లో మెడల్ ఇచ్చే రకరకాల "ఒలింపియాడ్‌లు" ఉన్నాయి. వాటికీ దీనికీ సంబంధం లేదు. తల్లిదండ్రులకు ఈ తేడా మొదటి రోజే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

పదో తరగతి పబ్లిక్ లెక్కల పేపరును పక్కన పెట్టి చూడండి. అక్కడ 3 గంటల 15 నిమిషాల్లో 33 ప్రశ్నలు, 100 మార్కులు. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. పబ్లిక్ పేపరులో లెక్క కంటబడగానే అది ఏ అధ్యాయమో తెలిసిపోతుంది, చెయ్యి దానంతటది పరుగెత్తుతుంది. ఒలింపియాడ్ లెక్కకు అధ్యాయం పేరు రాసి ఉండదు. బాగా చదివే పిల్లలే ఇక్కడ ముందు బెంబేలెత్తుతారు, ఎందుకంటే చెయ్యి ఆగిపోవడం వాళ్లకు అలవాటు లేదు.

పేపరు తయారీ: సగం శ్రమ ఇక్కడే

మొదటిసారే 30 ప్రశ్నల పూర్తి పేపరు పెట్టకండి. 15 ప్రశ్నలు చాలు. రెండు మార్కులవి 5, మూడు మార్కులవి 5, అయిదు మార్కులవి 5, మొత్తం 50 మార్కులు. సమయం మాత్రం 3 గంటలే ఉంచండి, ఒక్క నిమిషం కూడా తగ్గించవద్దు. ప్రశ్నలు సగమయ్యాయి కదా అని సమయం కూడా సగం చేస్తే పిల్లలు మళ్లీ పరుగు పందెంలో పడతారు.

ప్రశ్నలు నాలుగు వైపుల నుంచీ రావాలి: సంఖ్యల ధర్మాలు, బీజగణితం, రేఖాగణితం, లెక్కపెట్టే లెక్కలు. నాలుగో దాంట్లో మన పిల్లలు బాగా వెనకబడి ఉంటారు. ప్రస్తారాలు, సంయోగాలు ఇంటర్లో గానీ రావు కాబట్టి, సూత్రంతో పని లేకుండా ఓపికతో ఒక వరుసలో లెక్కపెడితే వచ్చేవి వెతకండి. కలనగణితం జోలికి పోనక్కర్లేదు, ఒలింపియాడ్‌లో అది అడగరు.

పాత పేపర్లు ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఉన్నవి ఉన్నట్టు దించితే కోచింగుకు వెళ్లే పిల్లలు ముందే చూసి ఉంటారు, అందుకని అంకెలు మారుస్తాం. ఇక్కడే చాలా పేపర్లు దెబ్బతింటాయి. అంకె మారితే లెక్క స్వభావమే మారిపోవచ్చు. ఈ ప్రశ్న చూడండి:

"1/క + 1/ఖ = 1/6 అయ్యేలా ధన పూర్ణసంఖ్యల జతలు (క, ఖ) ఎన్ని?"

దీన్ని సర్దితే (క – 6) × (ఖ – 6) = 36 అవుతుంది. 36కు 9 భాజకాలు ఉన్నాయి, అంటే 9 జతలు. 6 బదులు 12 వేస్తే 144 వస్తుంది, దానికి 15 భాజకాలు, లెక్క ఇంకా బాగుంటుంది. 6 బదులు 7 వేస్తే మాత్రం 49కి ఉన్నవి మూడే భాజకాలు. లెక్క చప్పబడిపోతుంది, ఊహించి రాసినవాడికీ మార్కు పడుతుంది. రేఖాగణితంలోనూ ఇంతే. 13, 14, 15 భుజాల త్రిభుజం వైశాల్యం చక్కగా 84. 14 మీదికి లంబం గీస్తే అది 12, దాని పాదం 14ను 5గా, 9గా విడగొడుతుంది. 15ను 16 చేశారంటే ఆ అందమంతా పోయి వర్గమూలంలో ఇరుక్కుంటారు. అంకె మార్చిన ప్రతి లెక్కనూ మొదటి నుంచి మళ్లీ చెయ్యండి.

పై ప్రశ్నలో ఇంకో సంగతి ఉంది. (7, 42), (42, 7) రెండూ వేరు వేరు జతలా, ఒకటేనా? వేరనుకుంటే జవాబు 9, ఒకటే అనుకుంటే 5. పరీక్ష మధ్యలో ఎవరో ఒకరు లేచి "సార్, తొమ్మిదా, అయిదా?" అని అడిగేస్తారు, గది మొత్తానికి జవాబు తెలిసిపోతుంది. కాబట్టి "(క, ఖ), (ఖ, క) వేరు వేరు జతలుగా లెక్కించాలి" అని ప్రశ్నలోనే రాయండి. రెండు రకాలుగా అర్థమయ్యే వాక్యం ఒక్కటి కూడా మిగలకూడదు. అయిదు మార్కుల ప్రశ్నలో ఒక వాక్యం సందిగ్ధంగా ఉంటే, బాగా ఆలోచించే పిల్లలకే ఎక్కువ నష్టం.

జవాబులు 00 నుంచి 99 లోపే ఉండాలి కాబట్టి పెద్ద సంఖ్య వచ్చే లెక్కను "100తో భాగిస్తే శేషం ఎంత?" అని అడగవచ్చు. జవాబులు 0, 1, 10 లాంటివి కాకుండా చూసుకోండి, తోచినవాళ్లు తోచినట్టు రాసేవి అవే. ఒకటి రెండు జవాబులు మాత్రం కావాలనే ఒక్క అంకెవి పెట్టండి. ఉదాహరణకు 7²⁰²⁵ చివరి రెండు అంకెలు ఏవి? 7⁴ అంటే 2401, చివర 01. అంటే నాలుగేసి ఘాతాలకు చివరి రెండంకెలు మళ్లీ మొదటికి వస్తాయి. 2025ను 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి జవాబు 07. లెక్క సరిగ్గా చేసి కూడా ఓఎంఆర్‌లో సున్నా దిద్దకుండా 7 ఒక్కటే దిద్దే పిల్లలు ఎక్కువ. ఆ తప్పు అసలు పరీక్షలో జరగడం కంటే మన దగ్గర జరిగిపోవడం మేలు.

మన ఊరి సంగతులు ప్రశ్నల్లోకి తీసుకురావచ్చు గానీ మోతాదు మించకూడదు. పేపరు నిండా రొయ్యల చెరువులు, బస్సు టికెట్లు పెడితే అవి ఆరో తరగతి రాత లెక్కల్లా తయారవుతాయి. ఒకటి సహజంగా అతికితే అది చాలు. నాకు నచ్చినది ఇది:

"చీమకుర్తి గ్రానైటు యార్డులో ఒక అడుగు పొడవున్న పలకలు, రెండు అడుగుల పొడవున్న పలకలు కావలసినన్ని ఉన్నాయి. వెడల్పు అన్నిటికీ ఒకటే. 10 అడుగుల బాటను ఈ పలకలతో ఒక చివర నుంచి మరో చివరకు ఎన్ని రకాలుగా పరచవచ్చు?"

జవాబు 89. దీని గురించి మధ్యాహ్నం చర్చలో మళ్లీ మాట్లాడుకుందాం. 11 అడుగులు అని మాత్రం అడగకండి, జవాబు 144 అయి రెండు గళ్లలో పట్టదు.

ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వండి. ఇప్పుడు మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు ఉంటున్నాయి కదా, అలాగే. అసలు పరీక్షలో ఇంగ్లీషు వాక్యం చదివి అర్థం చేసుకోవాలి కాబట్టి పిల్లలు ముందు ఇంగ్లీషు చదవాలి, తట్టుకోలేకపోతే తెలుగు చూసుకోవాలి. తెలుగులో క.సా.గు., గ.సా.భా., ప్రధాన సంఖ్య, లంబం, మధ్యగతం లాంటి వాళ్ల పుస్తకంలోని మాటలే వాడండి. డీటీపీ వాళ్ల దగ్గర ఘాతాలు, భిన్నాలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. మంచి చేతిరాత ఉన్న టీచరు తెల్లకాగితం మీద స్కేలుతో పటాలు గీసి రాస్తే, దాన్ని జిరాక్సు తీయించడమే నయం.

పేపరు పూర్తయ్యాక, దాన్ని తయారుచేయని ఒకరిని కూర్చోబెట్టి జవాబులు చూడకుండా రాయించండి. ఇది మానవద్దు. వాళ్లకు గంట పట్టిందంటే పిల్లలకు మూడు గంటలు సరిపోతుంది. రెండు గంటలు పట్టిందంటే రెండు మూడు ప్రశ్నలు తీసేయండి. వాళ్ల జవాబు మీ జవాబుతో కలవని చోట మీదే తప్పై ఉండవచ్చు, ఓపిగ్గా ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

15 ప్రశ్నల తర్వాత విడిగా ఒకే ఒక్క నిరూపణ లెక్క ఇవ్వండి, మార్కుల మొత్తంలో కలపకండి. ఆర్‌ఎంఓ ఎలా ఉంటుందో రుచి చూపించడానికి. "ఏ అయిదు పూర్ణసంఖ్యలు తీసుకున్నా, వాటిలో మూడింటి మొత్తం 3తో నిశ్శేషంగా భాగించబడుతుందని చూపండి" అనేది ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అందుతుంది.

ఎప్పుడు, ఎక్కడ

బళ్లు తెరిచి, పుస్తకాలు సర్దుకునేసరికి జూన్ నెల గడిచిపోతుంది. జూలై మూడో ఆదివారం మొదటి పరీక్ష, ఆగస్టు రెండో వారంలో రెండోది పెడితే బాగుంటుంది. వినాయక చవితి తేదీ చూసుకుని మరీ నిర్ణయించండి. 2024లో చవితి సెప్టెంబరు 7న శనివారం వచ్చింది, మరునాడే ఐఓక్యూఎం. పందిళ్ల మైకులు మోగే వారంలో ఏ పిల్లవాడూ కూర్చుని లెక్కలు చేయడు. అక్టోబరు దాటితే మన తీరానికి వానలు, తుపాన్ల కాలం. ఆర్‌ఎంఓ కోసం మళ్లీ పెట్టాలనుకుంటే ఈ మాట గుర్తుంచుకోండి.

అసలు పరీక్ష ఉదయం 10 నుంచి 1 గంట వరకు ఉంటుంది, మీరూ అదే వేళకు పెట్టండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు పల్లెవెలుగు బస్సు ఎన్నింటికి వస్తుందో, తిరుగు బస్సు ఎన్నింటికి ఉందో ముందే కనుక్కోండి. మూడున్నరకు చర్చ ముగించి పంపేయాలి. ఆడపిల్లలను ఇంటి నుంచి ఒంటరిగా పంపరు, కాబట్టి ఒక బడి నుంచి ఒక మేడం తోడుగా వచ్చేలా ఏర్పాటు చేస్తే పది మంది వస్తారు. చేయకపోతే ఇద్దరు కూడా రారు.

గది విషయంలో కల్యాణ మండపానికి, గుడి మైకుకు దూరంగా ఉందా, కరెంటు పోయినా వెలుతురు ఉంటుందా అని చూడండి, అంతే.

పరీక్ష రోజు

పిల్లలు తెచ్చుకోవలసినవి అట్ట, పెన్నులు, పెన్సిలు, స్కేలు, వృత్తలేఖిని. కోణమానిని, కాలిక్యులేటరు వద్దు. ఆర్‌ఎంఓలోనూ ఆ రెండింటినీ అనుమతించరు. ఫోన్లు ఒక సంచిలో వేయించి పక్కన పెట్టండి. చిత్తు కాగితాలు మాత్రం ధారాళంగా ఇవ్వండి, ఒక్కొక్కరికి అయిదారు తెల్లకాగితాలు. ప్రతి కాగితం మీద పేరు, చేస్తున్న ప్రశ్న నంబరు రాయమనండి. సాయంత్రం మనకు అసలు సంగతి చెప్పేవి ఆ చిత్తు కాగితాలే. వాటిని చెత్తబుట్టలో వేయనివ్వకండి.

9:40కి కూర్చోబెట్టి ఓఎంఆర్ దిద్దడం బోర్డు మీద చూపించండి. జవాబు 5 అయితే 05, 40 అయితే 4, 0. ఒక్కొక్కరి చేత ఒకసారి చిత్తుగా చేయించండి. తర్వాత ఈ మూడు మాటలు చెప్పండి. మొదటి పది నిమిషాలు పెన్ను పట్టకుండా అన్నీ చదవాలి. ఏ లెక్క మీదైనా ఇరవై నిమిషాలు కూర్చున్నా కదలకపోతే వదిలేసి మరొకటి పట్టాలి, తర్వాత మళ్లీ రావాలి. ఊహించి దిద్దిన జవాబు పక్కన ప్రశ్నపత్రంలో నక్షత్రం గుర్తు పెట్టాలి. తప్పుకు కోత లేదు కాబట్టి ఊహించి దిద్దడం తప్పేమీ కాదు, కానీ ఏది తెలిసి చేశారో, ఏది ఊహించారో మనకు తెలియాలి.

గంటకొకసారి గంట కొట్టండి. మధ్యలో మంచినీళ్లు ఇవ్వండి. "సార్, ఈ ప్రశ్న అర్థం కాలా" అంటే ప్రశ్నను మళ్లీ చదివి వినిపించండి, అంతకు మించి ఒక్క మాట వద్దు. అరగంటకే పేపరు ఇచ్చేసి పోతామనేవాళ్లు ఉంటారు. పోనివ్వకండి. "ఏం చెయ్యను సార్, ఏమీ రావట్లా" అన్న అబ్బాయిని ఏదో ఒక లెక్కకు చిన్న అంకెలు వేసి చూడమని ఒప్పించి కూర్చోబెట్టండి. రెండో గంటలో వాడి కాగితం మీద గీతలు కనిపిస్తాయి. నేను మూడు గంటలు ఉంచమని పట్టుబట్టేది అందుకే.

అన్నం తర్వాత అసలు పాఠం

ఒంటి గంటకు పేపర్లు తీసుకుని పిల్లలకు నిమ్మకాయ పులిహోర, మజ్జిగ పెట్టండి. గూడూరు నిమ్మకాయలు ఇంత దగ్గర్లో ఉండగా ఇంకేం కావాలి! వాళ్లు తినేలోపు మీరు జవాబులు దిద్దేయవచ్చు. ఒక తెల్లకాగితం మీద ప్రశ్నల నంబర్లు వేసి, ఒక్కో ప్రశ్న ఎంతమంది చేశారో గీతలు పెట్టుకోండి. పిల్లల ర్యాంకుల పట్టిక కంటే ఈ ప్రశ్నల పట్టిక ఎక్కువ పనికొస్తుంది.

రెండింటికి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. ఇక్కడ సార్లు చేసే పెద్ద పొరపాటు, సుద్దముక్క తీసుకుని 15 లెక్కలూ గబగబా చేసి చూపించడం. పిల్లలు రాసుకుంటారు, ఇంటికెళ్లి పుస్తకం మూస్తారు. అలా కాక నాలుగే లెక్కలు తీసుకోండి, సుద్దముక్క పిల్లల చేతికివ్వండి. నలుగురైదుగురికి ఒక మార్కాపురం పలక ఇచ్చి గుంపులుగా కూర్చోబెడితే ఇంకా మంచిది. పలక మీద తప్పు రాస్తే చెరిపేయవచ్చు కాబట్టి వెనకబెంచీ పిల్లలూ ధైర్యంగా రాస్తారు.

గ్రానైటు పలకల లెక్కనే తీసుకోండి. 1 అడుగు బాటకు ఒకే రకం. 2 అడుగులకు రెండు రకాలు. 3 అడుగులకు మూడు. ఇక్కడిదాకా వచ్చి "10 అడుగులకు 10" అని దిద్దేసినవాళ్లు గదిలో తప్పకుండా ఉంటారు. వాళ్లను తప్పు పట్టకండి. "4 అడుగులకు వేసి చూపించమ్మా" అనండి. అన్నీ ఒక్కడుగు పలకలే వేస్తే ఒక రకం. ఒక రెండడుగుల పలక, రెండు ఒక్కడుగు పలకలు వేస్తే మూడు రకాలు. రెండూ రెండడుగులవే వేస్తే ఒకటి. మొత్తం అయిదు, నాలుగు కాదు! ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడండి. మూడు సార్లు నిజమైనంత మాత్రాన నాలుగోసారి నిజం కానక్కర్లేదన్న సంగతి వాళ్లంతట వాళ్లు కనిపెట్టారు.

ఇప్పుడు అడగండి: "బాటలో చివరి పలక ఏది కావచ్చు?" ఒక అడుగుదైతే ముందు మిగిలింది 9 అడుగులు, రెండడుగులదైతే 8 అడుగులు. కాబట్టి 10 అడుగుల రకాలు అంటే 9 అడుగుల రకాలు, 8 అడుగుల రకాలు కలిపినన్ని. 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89. ఎవరో ఒక అమ్మాయి వేరే దారిలో చేసి ఉంటుంది: రెండడుగుల పలకలు ఎన్ని వాడామో దాన్ని బట్టి విడగొట్టి 1 + 9 + 28 + 35 + 15 + 1 అని కూడింది. అది కూడా 89. ఆ అమ్మాయి చేత బోర్డు మీద చేయించండి. రెండు దారులు ఒకే జవాబుకు చేరడం కళ్లారా చూసిన పిల్లలు ఆ తర్వాత ఏ లెక్కకైనా రెండో దారి వెతుకుతారు.

నిరూపణ లెక్కకు అంతర్జాతీయ పోటీలో లాగా 7 మార్కులు అనుకుని దిద్దండి. 1, 2, 3, 4, 5 తీసుకుని 1 + 2 + 3 = 6 అని చూపించి వదిలేసినవాళ్లే ఎక్కువ ఉంటారు. పది ఉదాహరణలు ఇచ్చినా అది నిరూపణ కాదని ఇక్కడే తేటతెల్లం చేయాలి. 3తో భాగించినప్పటి శేషాలను గమనించిన పిల్లలకు 2 మార్కులు ఇవ్వండి, కీలకం అదే. ఆ తర్వాత రెండే సందర్భాలు. శేషాలు 0, 1, 2 మూడూ కనిపిస్తే ఒక్కొక్క దాని నుంచి ఒక సంఖ్య తీసుకుంటే శేషాల మొత్తం 3, పని అయిపోయింది. మూడూ కనిపించకపోతే శేషాలు గరిష్ఠంగా రెండు రకాలే. అయిదు సంఖ్యలు రెండు రకాల్లో సర్దుకోవాలంటే ఒక రకంలో కనీసం మూడు ఉండి తీరాలి, ఆ మూడింటి శేషాలూ ఒకటే కాబట్టి మొత్తం 3తో భాగించబడుతుంది. ఒక్క సందర్భమే రాసినవాళ్లకు 4, రెండూ రాసినవాళ్లకు 7. "జవాబు తెలుసు గానీ ఎట్టా రాయాలో తెలీలా సార్" అనే పిల్లల చేత ముందు నోటితో చెప్పించి, చెప్పిన మాటలనే వాక్యాలుగా రాయించండి. తెలుగులో రాసినా పర్వాలేదు, ముందు వాదన నిలబడాలి.

ఫలితాలు, ఆ తర్వాత

ఫ్లెక్సీలు, ఫస్ట్ ర్యాంకు ఫొటోలు వద్దు. 50కి 12 వచ్చిన పిల్లవాడు ఇంట్లో ఆ అంకె చెబితే "పన్నెండేనా?" అంటారు. బళ్లో 98 వచ్చే పిల్లవాడికి ఇది మొదటి దెబ్బ. కాబట్టి మార్కులు ఎవరివి వాళ్లకే ఇచ్చి, పక్కన రెండు వాక్యాలు రాయండి, చిత్తు కాగితం చూసి. "9వ లెక్కలో సగం దాకా సరైన దారిలోనే వెళ్లావు, భాజకాలు లెక్కపెట్టేటప్పుడు 36నే వదిలేశావు" అని రాస్తే ఆ పిల్లవాడు ఆ కాగితం దాచుకుంటాడు. నలభై మందికి రాయాలంటే రెండు సాయంత్రాలు పడుతుంది, ఇద్దరు ముగ్గురు పంచుకోండి.

మీ దగ్గరున్న ప్రశ్నల పట్టిక చూడండి. అందరూ చేసిన ప్రశ్న మొదటి ప్రశ్నగా ఉండవలసింది. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లంతా తప్పు చేసి, మిగిలినవాళ్లు ఒప్పు చేసిన ప్రశ్న ఉంటే, పిల్లలను కాదు, ముందు ఆ ప్రశ్నలోని వాక్యాన్ని అనుమానించండి. నక్షత్రం గుర్తుతో ఒప్పైనవి తీసేసి చూస్తే నిజంగా ఎంత వచ్చిందో తెలుస్తుంది.

తల్లిదండ్రులు అడిగేది ఒకటే, "దీనివల్ల సీటు వస్తుందా?" అని. సూటిగా చెప్పండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ ర్యాంకులకు ఇది దగ్గరి దారి కాదు. ఐఎన్‌ఎంఓ దాకా వెళ్లి రాణించిన పిల్లలకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ప్రవేశానికి వేరే అవకాశం ఉంది. చెన్నై మనకు రైలెక్కితే కొన్ని గంటల దూరమే. అక్కడిదాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ మంది, అది కూడా దాచకుండా చెప్పండి. మిగిలినవాళ్లకు ఏం మిగులుతుందో పిల్లల చిత్తు కాగితాలు చూపించి చెప్పండి, చాలామంది అమ్మానాన్నలకు అర్థమవుతుంది.

అసలు ఐఓక్యూఎంకు ఎవరెవరు కడతారో ఆ వారంలోనే పేర్లు రాసుకోండి. దరఖాస్తు గడువు సాధారణంగా పరీక్షకు చాలా ముందే ముగిసిపోతుంది. ఏ ఊళ్లో కేంద్రం ఇచ్చారో చూసుకుని, పిల్లలందరికీ కలిపి ప్రయాణం మీరే ఏర్పాటు చేస్తే ఇళ్లలో ఒప్పుకుంటారు. రుసుము కట్టలేని పిల్లలకు ఊళ్లో అడిగితే ఎవరో ఒకరు కడతారు, అడగడానికి మొహమాటపడకండి.

ఆగస్టు పేపరు 30 ప్రశ్నల పూర్తి పేపరు. మొదటి పేపరులో ఒక్కరూ చేయలేకపోయిన లెక్కలు రెండో మూడో ఉంటాయి కదా, చర్చలో కూడా వాటి జోలికి పోకండి. జవాబులు చెప్పకుండా ఇంటికి పంపండి, అంకెలు సరిచూసుకుని మార్చి, అవే లెక్కలను ఈ పేపరులో అయిదు మార్కుల వరుసలో పెట్టండి.